ఎడంకాలికి సెలవు

సింహాచలం ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర నా పరువు పోయింది.

ఆ రోజు శనివారం. మా అమ్మని వెనక సీట్లో కూచోబెట్టుకుని అప్పన్న దర్శనానికి నేనే కారు నడుపుకుంటూ వెళ్తున్నాను. ముందు పోతున్న జీపు ఆగింది, నేనూ ఆగాను. జీపు కదిలింది. ఇక నేను కదలాలి. ఎడంకాలు క్లచ్చి మీద, కుడికాలు బ్రేకు మీద, ఒక చెయ్యి హాండ్ బ్రేకు మీద, ఇంకో చెయ్యి స్టీరింగు మీద. కుడికాలు బ్రేకు మీంచి ఆక్సిలరేటరు మీదికి మార్చే లోపల ఎడంకాలు తొందరపడింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనకాల బస్సు! బస్సు డ్రైవరు హారను మీంచి చెయ్యి తియ్యడం లేదు. అమ్మ "నరసింహా!" అని ఒక్క కేక పెట్టింది. ఎలాగో బ్రేకు తొక్కి ఆపాను. ఎవరో పుణ్యాత్ముడు దిగి వచ్చి టైరు కింద రాయి పెట్టాడు గాని, లేకపోతే ఆ కొండ మీద నా చేత ఆ బండి కదిలేది కాదు.

ఇంటికొచ్చాక కథంతా అమ్మే చెప్పింది, తన వంతు రంగులద్ది మరీ. మా మరిది హైదరాబాదు నుంచి వచ్చి వున్నాడు. అంతా విని, "వదినా, మీరు ఆటోమేటిక్ తీసుకోండి. అది లేడీస్ బండి. కాలితో పనిలేదు, బుర్రతో పనిలేదు" అన్నాడు. మావారు ఏమీ అనలేదు. కాని ఆయన మొహానికి అడ్డంగా వున్న పేపరు వణికిన తీరు నేను చూడకపోలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు కారు తాళాలు ముట్టుకోలేదు. అమ్మ పెందుర్తిలో వుంటుంది, నేను ఎం.వి.పి. కాలనీలో. అమ్మని చూడాలంటే మావారి తీరిక చూసుకోవాలి, లేదా రెండు ఆటోలు మారాలి. వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని పదిహేను రోజులకోసారికి దిగాను. అమ్మ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

కాని 'లేడీస్ బండి' అన్న మాట మాత్రం కాలిలో ముల్లులా వుండిపోయింది. నేను హిస్టరీ మెయిన్‌తో బి.ఏ. చదివినదాన్ని. యంత్రాల సంగతి నాకు తెలియదు. అయితే ఒక వస్తువు ఎవరి కోసం పుట్టింది, ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో పెరిగింది అని విచారించడం హిస్టరీ పనే గదా! తీగ లాగాను. డొంకంతా కదిలింది.

అసలు క్లచ్చి ఎందుకు? కారు ఇంజనుది ఒక విచిత్రమైన స్వభావం. అది ఆగి మళ్ళీ తనంతట తాను బయల్దేరలేదు. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లకి తగ్గితే ప్రాణం విడుస్తుంది. చక్రాలేమో సిగ్నలు దగ్గర ఆగాలి. ఆగని ఇంజనునీ, ఆగవలసిన చక్రాలనీ ఒకే ఇరుసుకి కట్టి కాపురం చేయించడం ఎలా? అందుకని మధ్యలో రెండు బిళ్ళలు పెట్టారు. అవి ఒకదానికొకటి అదుముకుంటే శక్తి చక్రాలకి పోతుంది. మనం కాలితో తొక్కితే విడిపోతాయి. అదే క్లచ్చి. ఆ కలపడం మెల్లగా, మెత్తగా జరగాలి. ఆ మెత్తదనం అంతా మన ఎడంకాలి మడమలో వుండాలి. నా మడమలో లేదని సింహాచలంలో రుజువైంది.

బిళ్ళలు లేకుండా కలపడానికి ఇంకో దారి వుంది. అది మన అమ్మమ్మలకి తెలిసినదే. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం కుండకి తగలదు. అయినా కుండ కుదురులో గట్టిగా కూచోకపోతే మజ్జిగతో పాటు కుండా తిరగబోతుంది. మా అమ్మమ్మ అందుకే పాదంతో కుండని అదిమి పట్టుకునేది. కవ్వాన్ని ఇంజను అనుకోండి, కుండని చక్రాలు అనుకోండి. మధ్యలో వున్నది మజ్జిగ. కుండని పట్టుకుని ఆపితే కవ్వం ఆగిపోతుందా? లేదు, దాని మానాన అది తిరుగుతుంది. వదిలేస్తే కుండ కదులుతుంది. ఏ బిళ్ళా అరగదు, ఏదీ కుదపదు.

నమ్మకం కుదరక ఇంట్లో రెండు టేబుల్ ఫాన్లు ఎదురెదురుగా పెట్టాను. ఒకదానికే ప్లగ్గు పెట్టాను. దాని గాలికి రెండోది మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఆ రెండోదాన్ని చీపురుపుల్లతో ఆపాను. మొదటిది తిరుగుతూనే వుంది. పనిమనిషి నన్ను చూసి, అమ్మగారికి ఏమైందో అనుకుంటూ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈ కిటుకుని యంత్రంగా మార్చినవాడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్. 1877లో పుట్టాడు. ష్టెటిన్ అనే రేవులో, వల్కన్ అనే ఓడలు కట్టే కంపెనీలో ఇంజనీరు. ఆ ఊరు ఇప్పుడు పోలెండులో వుంది. అప్పట్లో ఓడలకి ఆవిరి టర్బైన్లు కొత్తగా వచ్చాయి. వాటితో వచ్చిన చిక్కు ఏమిటంటే టర్బైను బాగా వేగంగా తిరిగితేనే పనిచేస్తుంది, నీళ్ళలో వుండే ప్రొపెల్లరు నిదానంగా తిరిగితేనే ఓడ నడుస్తుంది. ఒకరిది పరుగు, ఒకరిది నడక. రెండింటినీ జత చెయ్యడానికి అంత బరువు మొయ్యగల పళ్ళచక్రాలు ఆ రోజుల్లో సరిగ్గా కుదరలేదు. ఫోటింగర్ నీళ్ళ గురించి ఆలోచించాడు. టర్బైనుతో ఒక పంపు తిప్పి, ఆ నీళ్ళని గొట్టాల్లోంచి పంపి, ప్రొపెల్లరు దగ్గర ఇంకో చక్రాన్ని తిప్పితే? బాగానే వుంది గాని, గొట్టాల్లోనే బోలెడు శక్తి వృథా అయిపోతుంది. అప్పుడతను చేసిన పని చూడండి. గొట్టాలే తీసేశాడు! పంపు చక్రాన్నీ, తిరగవలసిన చక్రాన్నీ ఒకే డిప్పలో ఎదురెదురుగా పెట్టేశాడు. 1905లో పేటెంటు తీసుకున్నాడు.

ఇక్కడ మూడో చక్రం ఒకటి వుంది. అసలు తెలివంతా అందులోనే వుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. పంపు చక్రం విసిరిన నూనె (ఫోటింగర్ ఓడలో నీళ్ళు, కార్లో నూనె) రెండో చక్రాన్ని కొట్టి తిప్పి, తిరిగి పంపు దగ్గరికి వస్తుంది. వచ్చేటప్పుడు దాని దిశ మారిపోయి వుంటుంది. పంపుకి ఎదురు తగిలి దాని పని పాడుచేస్తుంది. పిల్లల్ని ఉయ్యాల ఊపేటప్పుడు చూస్తాం గదా, ఉయ్యాల మన వైపు వస్తుండగా ఎదురు వెళ్ళి తోస్తే అది ఆగిపోతుంది. చివరంటా వచ్చి వెనక్కి తిరిగే క్షణంలో తోస్తే పైపైకి పోతుంది. మధ్యలో వున్న ఆ మూడో చక్రం, దాన్ని స్టేటరు అంటారు, చేసే పని అదే. కదలకుండా కూచుని, తన వంకర రెక్కలతో, తిరిగొచ్చిన నూనెని పంపుకి అనుకూలమైన వైపు మళ్ళిస్తుంది. దాంతో ఇంజను ఇచ్చిన తిప్పే బలం చక్రాలకి చేరేసరికి సుమారు రెండింతలవుతుంది. ఊరికే రాదు లెండి, వేగం ఇచ్చి బలం కొనుక్కోవడమే. బండి బయల్దేరేటప్పుడు మనకి కావలసింది బలమే గదా! వేగం అందుకున్నాక స్టేటరుతో పనిలేదు. అప్పుడది సైకిలు తొక్కడం ఆపాక వెనక చక్రం తిరిగినట్టు, నూనెతో పాటు తనూ వూరికే తిరుగుతుంది. స్టేటరు వుంటే టార్క్ కన్వర్టర్. అది లేకుండా రెండు చక్రాలే వుంటే ఫ్లూయిడ్ కప్లింగు, అంటే అందిన బలాన్ని అందించడమే తప్ప పెంచడం వుండదు.

నిజానికి ఓడలు ఫోటింగర్ని ఎంతో కాలం వుంచుకోలేదు. కొద్ది కాలానికే మంచి పళ్ళచక్రాలు వచ్చాయి, ఓడలవాళ్ళు అటు వెళ్ళిపోయారు. ఆయన ప్రొఫెసరుగా పాఠాలు చెప్పుకున్నాడు. 1945లో, యుద్ధం ముగిసే రోజుల్లో, బెర్లిన్‌లో చనిపోయాడు. అప్పటికే ఆయన కిటుకు అవతలి పక్షం యుద్ధ టాంకుల్లో తిరుగుతోంది. ఆ సంగతికి వస్తాను.

మధ్యలో లండన్ బస్సు ఒకటి వుంది. 1920లలో హెరాల్డ్ సింక్లేర్ అనే ఇంజనీరుకి లండన్ బస్సుల కుదుపు నచ్చలేదు. గేరు మార్చినప్పుడల్లా జనం ముందుకీ వెనక్కీ తూలడమే. మన సిటీ బస్సుల్లో కొంగు ఒక చేత్తో, కడ్డీ ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డవాళ్ళకి ఈయన బాధ వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఫోటింగర్ కప్లింగుని తీసుకొచ్చి బస్సుకి పెట్టవచ్చని బస్సు కంపెనీతో మాట్లాడి ప్రయోగాలు చేయించాడు. అది చూసి డైమ్లర్ కంపెనీ 1930లో తన కార్లకి పెట్టింది. కుదుపు పోయింది గాని గేరు మాత్రం మనిషే ఎంచుకోవాలి.

చెయ్యీ కాలూ రెండింటికీ సెలవిచ్చింది అమెరికాలో జనరల్ మోటార్సు. అక్కడ ఎర్ల్ థాంప్సన్ అనే ఆయన వుండేవాడు. గేర్లు కరకరమని పళ్ళు కొరక్కుండా మారేలా 1928లో కాడిలాక్‌కి ఏర్పాటు చేసిన మనిషి. ఆయన బృందం తయారుచేసిన హైడ్రామాటిక్ అనే గేరుపెట్టె 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో, 1939 చివర్లో బజారుకి వచ్చింది. ముందర ఫ్లూయిడ్ కప్లింగు, దాని వెనక నాలుగు గేర్లు. ఆ గేర్ల అమరిక కూడా చూడముచ్చటగా వుంటుంది. మధ్యలో సూర్యుడు, చుట్టూ గ్రహాలు, వాటి బయట ఒక కంకణం. పేర్లు నేను పెట్టినవి కావు, ఇంజనీర్లే అలా పిలుస్తారు. సూర్యుణ్ణి ఆపితే ఒక వేగం, కంకణాన్ని ఆపితే ఇంకో వేగం. ఎప్పుడు ఎవర్ని ఆపాలో నూనె వత్తిడే చూసుకుంటుంది. కారు ధర మీద అదనంగా 57 డాలర్లు. క్లచ్చి పెడలే లేదు!

ఇక్కడిదాకా చదివి నేను అనుకున్నాను, సరే, ఇక ఆడవాళ్ళ కోసం అమ్ముకుని వుంటారు అని. తీరా చూస్తే తర్వాత జరిగింది వేరు. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు కార్ల తయారీ ఆగిపోయింది, యుద్ధం కోసం. హైడ్రామాటిక్ ఎక్కడికి పోయింది? స్టువర్ట్ ఎం-5 అనే టాంకులోకి. రెండు కాడిలాక్ ఇంజన్లు, రెండు హైడ్రామాటిక్కులు. తర్వాత చాఫీ టాంకులోకీ అదే జంట ఎక్కింది. బ్యూక్ కంపెనీ కట్టిన హెల్‌కాట్ అనే టాంకు-వేట బండిలో ఏకంగా టార్క్ కన్వర్టరే పెట్టారు. బురదలో, గుంటల్లో, గుళ్ళ వర్షంలో బండి నడిపే ఇరవై ఏళ్ళ కుర్రాడికి క్లచ్చి తొక్కే తీరిక లేదని సైన్యం గ్రహించింది. ఆ కుర్రాళ్ళని ఎవరూ "ఇది లేడీస్ టాంకు నాయనా" అనలేదు. యుద్ధం అయ్యాక జనరల్ మోటార్సువారే, ఇది యుద్ధంలో పరీక్షకి నిలిచిన గేరుపెట్టె అని ప్రకటనలు వేసుకున్నారు.

బ్యూక్ వాళ్ళు హెల్‌కాట్ అనుభవంతో 1948 రోడ్‌మాస్టర్ కారుకి డైనాఫ్లో అని పెట్టారు. మామూలు మనుషులు నడుపుకునే కార్లలోకి టార్క్ కన్వర్టరు జనం చేతికి పెద్దెత్తున వచ్చింది అప్పుడే. అందులో గేర్లు తమంతట మారవు. బయల్దేరిన దగ్గర్నుంచి చివరిదాకా నూనె చక్రాలే లాగుతాయి. పాల మీద మీగడలా మెత్తగా పోయేదట. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బద్ధకంగా పోయేది, పెట్రోలు తాగేది. మనవాళ్ళే కాదు, అమెరికావాళ్ళూ పేర్లు పెట్టడంలో తక్కువ తినలేదు. జావలో తిరుగుతోందన్న అర్థం వచ్చేలా 'డైనాస్లష్' అని పిలిచారు. తర్వాతి ఏళ్ళలో రెండు వంశాలూ వియ్యమందాయి. ముందు టార్క్ కన్వర్టరు, వెనక సూర్యుడూ గ్రహాల గేర్లు. ఆటోమేటిక్ గేరుపెట్టె అంటే దశాబ్దాల పాటు ఇదే రూపం.

1953 ఆగస్టు 12న డెట్రాయిట్ దగ్గర లివోనియాలో వున్న హైడ్రామాటిక్ ఫాక్టరీ తగలబడిపోయింది. ఇనుము కోసే మంట నుంచి ఒక నిప్పురవ్వ, కింద నూనె బొట్లు పట్టే పళ్ళెంలో పడింది. అంతే. అంత పెద్ద ఫాక్టరీ మిగల్లేదు. ప్రాణాలూ పోయాయి. కాడిలాక్ వాళ్ళు ఏం చెయ్యాలి? అన్నీ వున్నాయి, గేరుపెట్టె లేదు. చివరికి బ్యూక్ డైనాఫ్లో తెచ్చి పెట్టుకున్నారు. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు మారినట్టు! వేరే చోట ఫాక్టరీ సంపాదించి కొద్ది నెలల్లోనే మళ్ళీ తయారీ మొదలుపెట్టారు లెండి.

ఇవన్నీ ఒక ఎత్తు, తిమింగలం కథ ఒక ఎత్తు. ఈ గేరుపెట్టెలో నూనె చెయ్యవలసిన పనులు ఒకదానికొకటి పడవు. బలాన్ని మొయ్యాలి, చల్లార్చాలి, జారాలి, కొన్నిచోట్ల పట్టు కుదుపు లేకుండా అందేలా చూడాలి. దీనికి భలేగా కుదిరింది స్పెర్మ్ వేల్ అనే తిమింగలం తలలోంచీ కొవ్వులోంచీ తీసిన నూనె. ఎంత వేడెక్కినా గుణం చెడదు. అమెరికాలో ఆటోమేటిక్ కార్లలో పోసే నూనెలో కొన్ని దశాబ్దాల పాటు ఇది కలిసేది. సముద్రంలో మైలు లోతుకి మునిగి పిల్లల్ని సాకే ఒక జీవి, ఎవరో కూరల బజారుకి వెళ్ళే కార్లో కుదుపు లేకుండా కరిగిపోయింది. ఈ వాక్యం రాయడానికి నాకు కష్టంగా వుంది. మెత్తదనం ఎక్కణ్ణించి వస్తుందో ఆ కార్లలో కూచున్నవాళ్ళకి తెలిసి వుండదు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. నూనె ఆగింది. కంపెనీలు మందులషాపులోలా ఆ గుణం కోసం వెతుక్కున్నాయి. కొత్తగా వచ్చిన నూనెల్లో ఒకటి రేడియేటరులో గొట్టాల అతుకుల్నే తినేసింది, మళ్ళీ మార్చారు. ఇప్పుడు పోసేదంతా ప్రయోగశాలలో కుదిర్చిన నూనె.

1973లో పెట్రోలు ధర మండాక ఇంకో లోపం కళ్ళకి కనిపించింది. కవ్వం ఎంత తిప్పినా కుండ దానితో సరిసమానంగా తిరగదు, ఎప్పుడూ కాస్త వెనకే. ఆ తేడా అంతా వేడిగా పోతుంది, అంటే పెట్రోలు పోతుంది. వేగం అందుకున్నాక రెండు చక్రాల్నీ బిళ్ళతో కట్టేసే ఉపాయం పాకార్డ్ కంపెనీ 1949లోనే చేసింది. 1978లో క్రైస్లర్ దాన్ని మళ్ళీ తెచ్చింది, ఆ తర్వాత అందరూ పెట్టారు. అంటే, చూశారా, చివరికి ఒక క్లచ్చి రానే వచ్చింది. దాన్ని మన కాలు తొక్కక్కర్లేదు, అంతే.

ఇదంతా దొరల కథేనా అనుకోకండి. మన రైల్వే ఇంజనీరు మన్ మోహన్ సూరి డీజిల్ రైలింజన్ల కోసం ఈ నూనె చక్రాలతోనే 'సూరి ట్రాన్స్‌మిషన్' తయారుచేశాడు. 1962లో భట్నాగర్ బహుమతి వచ్చింది. తర్వాత ఆయన దుర్గాపూర్ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా వుండగానే అక్కడ స్వరాజ్ ట్రాక్టరు పుట్టింది.

ఇంత చదివాక షోరూముకి వెళ్ళాను. టై కట్టుకున్న కుర్రాడు మావారితోనే మాట్లాడుతున్నాడు. "మేడమ్ నడుపుతారా సార్? అయితే ఆటోమేటిక్ చూపిస్తాను." నేను అడిగాను, "ఏ ఆటోమేటిక్? టార్క్ కన్వర్టరా, ఏ.ఎం.టి.యా?" కుర్రాడు ఒక్కసారి నా వైపు తిరిగాడు. ఆ మొహం చూడ్డానికే ఆ నాలుగు నెలల చదువు గిట్టుబాటయింది.

మీరు కూడా అడగండి, సిగ్గుపడకండి. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏ.ఎం.టి. చవకైనది. అందులో మామూలు క్లచ్చే వుంటుంది, మన కాలి బదులు ఒక మిషను తొక్కుతుంది. పెట్రోలు తక్కువ తాగుతుంది గాని గేరు మారేటప్పుడు చిన్న వెనకతగ్గు తెలుస్తుంది. బెల్టుతో నడిచేది ఒకటి, రెండు క్లచ్చిలది ఒకటి కూడా వున్నాయి. నూనెతో నడిచేది ధర ఎక్కువ. నేను నా నవలల డబ్బు కొంత కలిపి, నూనెదే తీసుకున్నాను. మొదటి రోజు ఎడంకాలు అలవాటుకొద్దీ క్లచ్చి కోసం వెతికి బ్రేకుని గట్టిగా తొక్కింది. మావారి నుదురు అద్దానికి తగలబోయింది. ఆయన ఆ రోజు పేపరు తెచ్చుకోలేదు. అప్పట్నుంచి ఎడంకాలిని సీటు కిందకి ముడిచి పెట్టుకుంటున్నాను.

మొన్న మా మరిది ఫోను చేశాడు. ఆఫీసుకి వెళ్ళిరావడం రోజూ రెండు గంటల ట్రాఫిక్కు, ఎడం మోకాలు వాచింది, డాక్టరు క్లచ్చి తొక్కడం తగ్గించమన్నాడట. "వదినా, మీ బండి ఏ రకమో కాస్త చెప్తారా?" అన్నాడు. చెప్పాను, టాంకులతో మొదలుపెట్టి.

పోయిన శనివారం అమ్మని తీసుకుని మళ్ళీ కొండ ఎక్కాను. అదే మలుపు. ముందు మినీ బస్సు ఆగింది, నేనూ ఆగాను. వెనక కార్లు. అమ్మ చేతులు ముందు సీటుని గట్టిగా పట్టుకున్నాయి, అద్దంలో కనిపిస్తోంది. బస్సు కదిలింది. బ్రేకు మీంచి కాలు తీశాను. ఆ మలుపు మరీ నిటారు కాదు. బండి జారలేదు. ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలబడి, తనంతట తానే ముందుకి పాకింది.

"అమ్మాయ్, ఇది వెనక్కి రాదేమే?" అంది అమ్మ.

"కింద మజ్జిగ చిలుకుతున్నారమ్మా" అన్నాను.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సీటు వదిలేసి, ప్రసాదానికి తెచ్చిన సంచీ ఒళ్ళో సర్దుకుంది.